తుప్పు దాక్కునే చోటు

పాత కారు కొనబోయేవాడు మొదట బానెట్ ఎత్తుతాడు. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయిందా, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తోందా, ఇంజను బోరుకు వచ్చిందా, ఆయిల్ తాగుతోందా అని చూస్తాడు. అమ్మేవాడికి కావలసింది కూడా అదే. నిన్ననే ట్యూనింగ్ చేయించిన ఇంజను సాఫీగా తిరుగుతుంటే కొనేవాడి మనసు సగం మెత్తబడుతుంది. మిగతా సగం సంగతి రంగు, క్రోమ్ మెరుపు, తోలు సీట్లు చూసుకుంటాయి. 1960, 70 దశకాల్లో బ్రిటన్‌లో తయారైన సెలూన్ కార్ల విషయంలో ఈ వరస తలకిందులైనదని నా వాదన. యాభై ఏళ్ల బ్రిటిష్ కారు మనల్ని దారిలో వదిలేయకుండా తిరుగుతుందా లేదా అన్నది తేల్చేది రేకు. అందులోనూ ఎదురుగా కనిపించే రేకు కన్నా, రెండు రేకులు ఒకదానిమీద ఒకటి అతుక్కున్న సందు. ఇంజను సంగతి ఆఖర్న చూసుకున్నా కొంప మునగదు. పాత కార్ల పిచ్చివాళ్ల చాదస్తం లాగా వినిపించవచ్చు గానీ, లోహాల రసాయనమూ, పెట్టె ఆకారాల బలం గురించి ఇంజనీర్లు వేసే లెక్కా వేరువేరు దారుల్లో వచ్చి ఈ మాట దగ్గరే కలుస్తాయి.

దీనికి రోవర్ పీ6 కన్నా తగిన ఉదాహరణ కనబడదు. 1963 అక్టోబరులో రోవర్ 2000 పేరుతో విడుదలై, మరుసటి ఏడాది యూరప్‌లో మొట్టమొదటి ‘కార్ ఆఫ్ ద ఇయర్’ బహుమతి గెలుచుకున్న కారిది. యంత్రభాగాల రూపకల్పన స్పెన్ కింగ్, గోర్డన్ బాష్‌ఫర్డ్‌లది. ఆకారం డేవిడ్ బేష్‌ది. 1977లో ఉత్పత్తి ఆగేలోపు సోలిహల్ కర్మాగారం నుంచి సుమారు 3,22,000 కార్లు బయటికొచ్చాయి. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, వెనక డి డియోన్ పద్ధతి యాక్సిల్ ఆ రోజుల్లో ఇంట్లో వాళ్లంతా తిరిగే కారుకు పెద్ద హంగులే. ముందు స్ప్రింగులైతే నిలువుగా ఉండవు; బానెట్ కింద అడ్డంగా పడుకుని, ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న గోడమీద భారం మోపుతాయి. ముందు ముందు గ్యాస్ టర్బైన్ ఇంజను పెడదామన్న ఆశతో, దానికి చోటు మిగలాలని అలా చేశారు. 1961లో టీ4 పేరుతో టర్బైన్ బండి ఒకటి చేసి చూపించారు కూడా. అది అమ్మకానికి మాత్రం రాలేదు. మన ప్రశ్నకు సంబంధించిన కొత్తదనం వేరే ఉంది. ఫ్రెంచివాళ్ల సిట్రోయెన్ డీఎస్ బాటలో, పీ6ను రెండు అంచెలుగా కట్టారు. ఉక్కు రేకులను మడిచి, పెట్టెల్లా మూసి, స్పాట్ వెల్డింగ్‌తో అతికిన చట్రం లోపల ఉంటుంది; దానికి బేస్ యూనిట్ అని పేరు. మడ్‌గార్డులు, పైకప్పు, తలుపుల పైరేకులు, బానెట్, డిక్కీ మూత అన్నీ దానికి బోల్టులతో బిగించినవే. బరువంతా చట్రానిది, అందమంతా బోల్టు రేకులది. మడ్‌గార్డుకు సొట్టపడితే విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. వాడుకునేవాడికి ఇదెంత సుఖమో, అదే బండిని తర్వాత కొనేవాడికి అంత గండం. చట్రం చివికిపోయిన పీ6కు మంచి మడ్‌గార్డులు బిగించి రంగు కొడితే షోరూమ్‌లోంచి ఇప్పుడే దిగినట్టు నిలబడుతుంది.

ఆ చట్రంలో తుప్పు ఎక్కడ ముదురుతుందో చెప్పే శాస్త్రం కూడా బ్రిటన్‌లోనే ఎదగడం ఒక తమాషా. 1920లలో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యూలిక్ రిచర్డ్‌సన్ ఎవాన్స్ నునుపు చేసిన ఇనుప పలకమీద ఒక్క ఉప్పునీటి బొట్టు వేసి చూశాడు. అందులో రెండు సూచికలు కలిపాడు. ఇనుము కరిగి నీటిలోకి దిగిన చోట నీలం రంగు, క్షారం పుట్టిన చోట గులాబి రంగు వస్తాయి. మొదట్లో రెండు రంగులూ చుక్కలు చుక్కలుగా కలగాపులగంగా కనిపిస్తాయి. కాసేపటికి విడిపోతాయి: బొట్టు నడుమ నీలం, అంచు చుట్టూ గులాబి, ఆ రెండింటి మధ్య గోధుమరంగు తుప్పు వలయం. బొట్టు అంచున నీటిపొర పలచన కాబట్టి గాలిలోని ఆక్సిజన్ సులువుగా ఇనుమును చేరుతుంది. నడుమ నీరు మందం, అక్కడికి ఆక్సిజన్ సరిగా అందదు. ఆక్సిజన్ అందిన చోట ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి. అందని చోట ఇనుము కరిగి ఆ ఎలక్ట్రాన్లను సరఫరా చేస్తుంది. ఒకే పలకమీద ఒక చిన్న బ్యాటరీ తయారైందన్నమాట. ఆక్సిజన్ తగిలితే తుప్పు పడుతుందని బడిలో చదువుకున్నవారికి ఇది విడ్డూరంగానే ఉంటుంది. ఆక్సిజన్ కరువైన చోటే ఇనుము ఎక్కువగా పోతుంది. పైగా కరిగిన ఇనుము తుప్పుగా మారేది తాను పోయిన చోట కాక, కొంచెం ఎడంగా, ఆక్సిజన్ ఎదురుపడ్డ చోట. కంటికి తుప్పు కనిపించిన స్థలమూ, ఇనుము నష్టపోయిన స్థలమూ ఒకటి కావు. పాత కారు కొనేవాడు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే, ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ బొట్టును ఇప్పుడు పీ6 చట్రంలోకి తీసుకువద్దాం. స్పాట్ వెల్డింగ్‌లో రెండు రేకులు అక్కడక్కడ చుక్కల దగ్గరే కరిగి అతుక్కుంటాయి. చుక్కకూ చుక్కకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగులుతుంది. నీరు ఆ సందులోకి దానంతటదే పాకుతుంది, తొందరగా బయటికి రాదు. సందు నోటి దగ్గర ఆక్సిజన్ ఉంది, లోపల లేదు. ఎవాన్స్ బొట్టులో జరిగిందే ఇక్కడ ఏళ్ల తరబడి జరుగుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, రేకులను విడదీసి తన సందును తానే పెద్దది చేసుకుంటుంది. అతుకు అంచున గోరంత గోధుమ మరక కనబడే వేళకు లోపల రేకు కాగితమై ఉండవచ్చు. చెదపట్టిన ద్వారబంధం పైన రంగు చెక్కుచెదరకుండా ఉన్నట్టే ఇదీను. వేలితో నొక్కితే తప్ప గుట్టు బయటపడదు.

దీనికి బ్రిటన్ వాతావరణం తన వంతు తోడ్పాటు అందించింది. శీతాకాలంలో రోడ్లమీద మంచు గట్టిపడకుండా రాతి ఉప్పు చల్లుతారు. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిలో 1844 నుంచి తవ్వుతున్న ఉప్పు అక్కడి రోడ్లకు పెద్ద ఆధారం. చక్రాలు ఎగజిమ్మిన ఉప్పు బురద చట్రం మడతల్లో చేరుతుంది. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కనుక ఎవాన్స్ బ్యాటరీ చురుగ్గా పనిచేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తనంతట తానే నీరవుతుంది. బ్రిటన్ శీతాకాలంలో తేమ తరచు ఆ గీత పైనే ఉంటుంది. కాబట్టి చినుకు పడకపోయినా, బండి కదలకపోయినా ఉప్పు పట్టిన మడత ఆరదు. ‘ఎప్పుడూ గ్యారేజీలోనే పెట్టేవాళ్లం’ అని అమ్మేవాడు చెప్పినప్పుడు ఎలాంటి గ్యారేజీ అని అడగాలి. గాలి ఆడని చెమ్మ షెడ్డులో పడుకున్న బండి కన్నా, పైన రేకుల కప్పు మాత్రమే ఉండి నాలుగు పక్కలా గాలి తగిలే చోట నిలిపిన బండికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఇక ఫ్యాక్టరీ రక్షణ అంటారా, మూసిన పెట్టెల లోపలికి ఆ రోజుల్లో రంగు చేరింది అంతంతమాత్రమే. జింకు పూత పూసిన ఉక్కుతో పోర్షే 911 బాడీ రావడమే 1970ల మధ్యలో.

‘సరే, తుప్పు పట్టింది. నాలుగు బొక్కలు పడితే బండి ఆగిపోతుందా?’ అని అడగవచ్చు. పలచని రేకుతో చేసిన మూసిన గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టండి, కదలదు. అదే గొట్టాన్ని పొడవునా ఒక్క గీత కోసి మళ్లీ మెలిపెడితే వదులుగా తిరిగిపోతుంది. ఎక్కడా లోహం తగ్గలేదు, ఒక కోత మాత్రమే పడింది. 25 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 1 మిల్లీమీటరు మందం ఉన్న గొట్టానికి లెక్క వేస్తే, మెలికను తట్టుకునే బిగువు కోతతో సుమారు 1,875 రెట్లు పడిపోతుంది. పీ6 తలుపుల కింద పొడవునా పరుచుకున్న సిల్లు అలాంటి మూసిన పెట్టె. తుప్పు దాని అతుకు వెంబడే నడుస్తుంది, అంటే సరిగ్గా మనం గొట్టాన్ని కోసిన చోటే. బొక్క చిన్నదే కావచ్చు, పెట్టె మాత్రం ఇక పెట్టె కాదు. వెనక చక్రాల ఆర్ములు సిల్లు వెనక కొసల దగ్గరే చట్రాన్ని పట్టుకుని ఉంటాయి. ముందు స్ప్రింగుల భారం మోసే గోడ రెండో కొసన ఉంది. నడుమ పెట్టె సడలితే తలుపులు పట్టేస్తాయి, టైర్లు ఒకవైపు అరుగుతాయి, అద్దం చుట్టూ రబ్బరు వదులై వాన లోపలికి కారుతుంది. ఆ వాన మళ్లీ కార్పెట్ కిందికి చేరి సిల్లునే తింటుంది.

కనుక తనిఖీ కింద నుంచి, లోపల నుంచి మొదలవ్వాలి. లిఫ్టు ఉన్న షెడ్డు, మంచి టార్చి, పాత స్క్రూడ్రైవరు ఉంటే చాలు. అయస్కాంతం చిట్కా అందరికీ తెలిసిందే: లప్పం మందంగా పెట్టిన చోట అది అంటుకోదు. పీ6 దగ్గర మాత్రం ఈ చిట్కా రెండు వైపులా మోసం చేస్తుంది. అల్యూమినియం బానెట్‌మీద అంటుకోకపోతే లప్పమని భయపడతారు. మడ్‌గార్డుమీద గట్టిగా అంటుకుంటే బండి మంచిదని పొంగిపోతారు. రెండూ చట్రం గురించి ఏమీ చెప్పవు. ముందుగా వెనక సీటు కుషన్ ఎత్తమని అడగండి. ఆ సీటు కింద నేల, చక్రాల గూళ్ల లోపలి వైపు, సిల్లుల వెనక కొసలు అక్కడ కనబడతాయి. పీ6 జాతకం చాలావరకు ఆ కుషన్ కిందే రాసి ఉంటుంది. తర్వాత సిల్లు పైమూత. అది అసలు సిల్లు కాదు, బయట బిగించిన తొడుగు. వీలైతే విప్పించాలి, లేదంటే కింది అంచు వెంబడి స్క్రూడ్రైవరు పిడితో తడుతూ పోవాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, చివికినది మొద్దుగా పలుకుతుంది. వెనక తలుపుల వెనకున్న స్తంభాల అడుగు, స్ప్రింగులు ఆనే గోడ మూలలు, డిక్కీ నేల మూలలు తర్వాత వరసలో వస్తాయి. నీరు కారిపోయేందుకు పెట్టిన రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయేమో చూడండి. కింద అంతా తాజాగా, మందంగా నల్లటి అండర్‌కోటింగ్ పూసి ఉంటే సంతోషించకండి. అమ్మకానికి ముందు వారం పూసిన తారు రక్షణ కోసం పూసింది కాదు. చివరికి జాక్ పెట్టవలసిన చోట పెట్టి ఒక పక్క పైకెత్తి, తలుపు తెరిచి మూయండి. నేలమీద ఉన్నప్పుడు చక్కగా పడిన తలుపు పైకెత్తాక పట్టేసిందంటే చట్రం తన పని మానేసిందని అర్థం.

ఇంజను గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అక్కడ దాపరికం తక్కువ. మొదట్లో పీ6కు 1978 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను ఉండేది. 1968లో 3528 సీసీ వీ8 వచ్చింది. అది అమెరికాలో జనరల్ మోటార్స్ 1961 నుంచి 63 దాకా బ్యూయిక్ కార్లకు వాడి పక్కనపెట్టిన అల్యూమినియం ఇంజను. రోవర్ దాని హక్కులు కొని తనకు తగ్గట్టు మార్చుకుంది. ఆ తర్వాత అది రేంజ్ రోవర్‌తో సహా ఎన్నో బండ్లలో దశాబ్దాలపాటు తిరిగింది కాబట్టి సామాన్లకు, అది తెలిసిన మెకానిక్‌లకు కొదవ లేదు. పూర్తిగా చల్లారిన ఇంజనును మీ ముందే స్టార్ట్ చేయమనండి. మీరు వెళ్లేసరికే వేడెక్కి ఉంటే ఆ రోజుకు వెనక్కి వచ్చేయండి. ఆయిల్ మూత తీస్తే లోపల నల్లటి జిగురు పేరుకుని ఉంటే ఆయిల్ సకాలంలో మార్చలేదని తెలుస్తుంది. వీ8లో దాని దెబ్బ ముందు క్యామ్ షాఫ్ట్‌కు తగులుతుంది. రేడియేటర్‌లో వట్టి నీరు పోసి నడిపిన అల్యూమినియం ఇంజను లోపల తినేయబడి ఉంటుంది, కాబట్టి కూలెంట్ రంగు చూడాలి. కంప్రెషన్ పరీక్ష అరగంట పని. ఇవన్నీ కొలవదగినవి, వాటి మరమ్మతుకు ఎంతవుతుందో ముందే చెప్పగలిగినవి. యంత్రభాగాల్లో నేను నిజంగా భయపడేది వెనక బ్రేకులకే. పీ6లో అవి చక్రాల దగ్గర ఉండవు, డిఫరెన్షియల్‌కు ఆనుకుని బండి నడుమ ఉంటాయి. చేయి దూరడమే కష్టం కాబట్టి చాలామంది వాటిని పట్టించుకోరు. డిఫరెన్షియల్ సీలు కారితే ఆయిల్ నేరుగా డిస్క్‌మీద పడుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి వాలులో నిలిపి చూడటం తప్పనిసరి.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం కంపెనీ పేరుకు సంబంధించినది. రోవర్ 1967లో లేలాండ్ గొడుగు కిందికి వెళ్లింది, మరుసటి ఏడాది బ్రిటిష్ లేలాండ్ పుట్టింది, 1975లో అది ప్రభుత్వపరమైంది. సమ్మెలు, నాసిరకం పనితనం అనగానే బ్రిటన్‌లో ఈనాటికీ ఆ పేరే చెబుతారు. అలాంటి చోట తయారైన కారును రేకు బాగున్నంత మాత్రాన ఎలా నమ్మడం? అభ్యంతరంలో నిజముంది గానీ అది కొత్త కారుకు వర్తించే నిజం. ఫ్యాక్టరీలో సరిగా బిగించని బోల్టు, తేడాగా కలిపిన వైరు మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడతాయి. అవి ఒకసారి బాగుచేయించుకున్నాక కథ ముగుస్తుంది. యాభై ఏళ్ల తర్వాత ఒక్కో కారు తన యజమానుల వల్ల ఒక్కో దారి పట్టి ఉంటుంది. ఒకే వారంలో ఒకే లైనుమీద పుట్టిన రెండు పీ6ల మధ్య తేడా, రోవర్‌కూ మరో కంపెనీకీ మధ్య తేడా కన్నా పెద్దది. మోడల్ పేరు ప్రఖ్యాతులు చూసి ఇవాళ కొనడం, తాతల పేరు చెప్పగానే పిల్లాణ్ణి ఉద్యోగంలో పెట్టుకోవడమే. డిజైన్‌లోనే లోపాలున్న ఇంజన్లు లేకపోలేదు. పీ6 ఇంజన్లు ఆ కోవలోకి రావు.

బ్రిటిష్ కార్లమీద రెండో నింద కరెంటు గురించి. లూకస్ కంపెనీ దీపాలు, డైనమోల మీద అక్కడ పుట్టినన్ని జోకులు మరో యంత్రం మీద పుట్టలేదేమో; ఆ కంపెనీ స్థాపకుడికి ‘చీకటి యువరాజు’ అని బిరుదు కూడా తగిలించారు. కానీ కారులో కరెంటు దారి ఎలా ఉంటుందో చూస్తే ఈ నిందలో సగం మళ్లీ రేకు ఖాతాలోకే వస్తుంది. బ్యాటరీ నుంచి దీపానికి ఒక వైరే వెళుతుంది. తిరుగు ప్రయాణం బాడీ రేకుల గుండా, అంటే ఎర్త్ ద్వారా. ఆ ఎర్త్ బోల్టు కింద తుప్పు చేరి 0.3 ఓముల నిరోధం అడ్డుపడిందనుకోండి. 12 వోల్టుల, 60 వాట్ల హెడ్‌లైట్‌కు అందే వోల్టేజీ సుమారు 10.7కు పడిపోతుంది. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజీ కన్నా చాలా వేగంగా తగ్గుతుంది కనుక, ఈ చిన్న తరుగుతోనే వెలుగులో సుమారు మూడో వంతు పోతుంది. అప్పుడు జనం బల్బు మారుస్తారు, స్విచ్ మారుస్తారు, లూకస్‌ను తిడతారు. ఎర్త్ బోల్టు విప్పి గీకేవాడు తక్కువ.

ప్రభుత్వ తనిఖీ ఉంది కదా అన్నది మూడో మాట. బ్రిటన్‌లో ఎంఓటీ అనే వార్షిక పరీక్ష 1960 నుంచి ఉంది. సస్పెన్షన్, స్టీరింగ్, సీటు బెల్టులు పట్టుకున్న చోటికి 30 సెంటీమీటర్ల లోపు చట్రంలో బలం తగ్గించే తుప్పుంటే ఫెయిల్ చేస్తారు. పాత ఫలితాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. తప్పకుండా చూడాలి, ఏటేటా ‘తుప్పు’ అని హెచ్చరిక పడుతూ, ఒక ఏడాది హఠాత్తుగా మాయమైతే ఆ ఏడాది వెల్డింగ్ జరిగిందా, అండర్‌కోటింగ్ పూశారా అని అడగాలి. అయితే పరీక్షకుడు ఏ భాగాన్నీ విప్పకూడదు. చట్రాన్ని బోల్టు రేకుల వెనక దాచుకున్న పీ6కు ఈ నియమం వరమైంది. అదీగాక 2018 మే నుంచి నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఎంఓటీ తప్పనిసరి కాదు. అంటే అలాంటి మార్పులు లేని ప్రతి పీ6కూ ఈ మినహాయింపు వర్తిస్తుంది. మినహాయింపు వాడుకోకుండా, తన ఇష్టంతో ఏటా పరీక్షకు తీసుకెళుతున్న యజమాని దొరికితే బేరం తక్కువ ఆడండి.

‘ముప్పై వేల మైళ్లే తిరిగింది’ అన్న మాటకు అంత విలువ ఇవ్వనక్కర్లేదు. ఆ కాలపు మీటర్లలో అయిదంకెలే ఉండేవి. 99,999 దాటితే మళ్లీ సున్నా. మీటరు నిజమే అనుకున్నా, పాత బండిలో మైళ్లతో అరిగే భాగాల కన్నా ఏళ్లతో చెడే భాగాలే ఎక్కువ. రబ్బరు గొట్టాలు తిరిగినా తిరక్కపోయినా పగులుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. ఘాటు రోడ్డు దిగుతూ బ్రేకులు కాలినప్పుడు ఈ తేడా ఏమిటో తెలుస్తుంది. టైరు పక్కగోడమీద చివరి నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. గాడులు లోతుగా ఉండి వయసు పదేళ్లు దాటిందంటే ఆ టైర్ల ఖర్చు మీ లెక్కలో వేసుకోండి. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత గొట్టాలకు, సీళ్లకు అది పడదు కాబట్టి అవి మార్చారో లేదో అడగాలి.

నాలుగో అభ్యంతరమే అన్నిటికన్నా బలమైనది. తుప్పు కూడా మరమ్మతే కదా, కోసి అతికితే సరి. ఇంజనుకు ఖర్చుపెట్టినట్టే రేకుకూ పెట్టవచ్చు, మరి దానికెందుకీ ప్రత్యేక హోదా? తేడా ఖర్చులో కన్నా ఆ ఖర్చు ముందే తెలియకపోవడంలో ఉంది. ఇంజను దించి ఇంకోటి ఎక్కించడానికి ఎంతవుతుందో మెకానిక్ ముందే చెబుతాడు. తుప్పు పని పట్టుకున్న టింకరింగ్ మేస్త్రీ చెప్పలేడు, ఎందుకంటే కోసి చూస్తే గానీ నష్టం ఎంత లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు. ఎంజీబీ, మినీ లాంటి కార్లకు కొత్త బాడీ షెల్లులు మళ్లీ తయారుచేస్తున్నారు. పీ6 బేస్ యూనిట్ అలా కొత్తగా దొరకదు. పైగా చాలా చోట్ల జరిగే వెల్డింగ్ తుప్పు రేకుమీదే కొత్త రేకు ముక్క కప్పి అతకడం. ఎవాన్స్ బొట్టు తెలిసినవారికి దీని ఫలితం చెప్పనక్కర్లేదు: పాత సందు మీద కొత్త సందు, తడి రెండింటి మధ్య. చివికిన లోహాన్ని మంచి రేకు తగిలే దాకా కోసి, అంచుకు అంచు కలిపి అతికి, లోపల మైనం కొట్టిన పని వేరు. ఆ పని చేసినవాడు దాదాపు ఎప్పుడూ ఫొటోలు దాచుకుంటాడు. లక్షలు పోసి బాగుచేయించామంటూ ఒక్క ఫొటో కూడా చూపలేకపోతే, ఆ లక్షలు రంగుకు పోసినవని అనుకోవడమే క్షేమం.

ఈ లెక్క మన దేశంలో తిరిగిన బ్రిటిష్ సంతతికీ పనికొస్తుంది. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి రూపాంతరం. 2014 దాకా ఉత్తరపారాలో తయారైంది. పీ6 తర్వాత రోవర్ తెచ్చిన ఎస్‌డీ1 బాడీలో ఏనాటిదో స్టాండర్డ్ వాన్‌గార్డ్ వంశపు ఇంజను కుక్కి 1985లో మద్రాసు నుంచి స్టాండర్డ్ 2000 అమ్మారు. మన రోడ్లమీద ఎవరూ ఉప్పు చల్లరు నిజమే. విశాఖ, కాకినాడ సముద్రపు గాలి ఆ పని ఊరికే చేసిపెడుతుంది. అనంతపురంలో బతికిన అంబాసిడర్‌నూ కాకినాడలో బతికిన అంబాసిడర్‌నూ పక్కపక్కన పెడితే, ఇంజన్లు ఎలా ఉన్నా, నేను ముందు అనంతపురం బండి కిందే దూరతాను. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఇస్తున్నారు. అసలు రూపం నిలవాలంటే అసలు రేకు నిలవాలి.

ధర ఒకటే అయిన రెండు పీ6లు ఎదురుగా ఉన్నాయనుకోండి. ఒకటి నీలం పొగ వదులుతోంది, రంగు వెలిసింది, సీటు చిరిగింది, వెనక కుషన్ కింద రేకు మాత్రం పొడిగా ఖంగుమంటోంది. రెండోది అద్దంలా మెరుస్తోంది, ఇంజను మాట పడనివ్వదు, సిల్లు కొసన స్క్రూడ్రైవరు కొంచెం దిగింది. మొదటిదే కొనండి. వెనక సీటు ఎత్తి చూడనివ్వని యజమాని దగ్గర రెండూ వద్దు.